ఎలుకల బొక్కలో దుబాయి గుడ్డ

మా ఇంట్లో ఎలుకను ఎలుక అనకూడదు, చుట్టం అనాలి. "చుట్టాలు వచ్చి పోయినట్టున్నరు, సబ్బు కొరికిన్రు" అనేది అమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ, నిజంగానే మేనమామల ఊరి నుంచి ఎవరో వచ్చి వెళ్ళినంత మామూలుగా. ఇక తిట్టడం అసలే కుదరదు. తిడితే ఎలుకకు వినబడుతుందని, విన్నాక ఊరుకోదని, పగబట్టి ఇంట్లో ఉన్న వాటిల్లోకెల్లా మంచి గుడ్డను వెతికి మరీ కొరుకుతుందని ఆమె నమ్మకం. న్యాల్‌కల్ దిక్కు నుంచి కాపురానికి వస్తూ ఆ నమ్మకాన్ని కూడా వెంట తెచ్చుకుంది. అలా నమ్మేవాళ్ళు మా వీధిలో ఇంకా చాలామందే ఉండేవాళ్ళు. కానీ వాళ్ళ ఇళ్ళలో ఎలుకకు కోపం వస్తే ఒక చీర పోతుంది, లేదంటే ఒక పంచె. మాది దర్జీ ఇల్లు. ఊళ్ళో సగంమంది గుడ్డలు మా ఇంట్లోనే ఉండేవి.

జహీరాబాదులో బజారుకు వెనక, రైలు కూత బాగా వినిపించే వీధి మాది. ముందరి అర్రలో నాయిన మిషను, గుడ్డ కత్తిరించే బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె. వెనక అర్రలో మేము ముగ్గురం. రెండింటికీ నడుమ తలుపు లేదు, అమ్మ పాత చీరతో కుట్టిన పరదా ఒకటి వేలాడేది. గోడలు ఎర్రరాయివి, మట్టితో కట్టినవి. కింద షాబాదు బండలు. ఎలుకలకు ఇంతకన్నా మంచి ఇల్లు అడిగినా ఎవరూ కట్టివ్వరు. రాళ్ళ సందుల్లో మట్టి తవ్వుకోవచ్చు, బండల కింద దారులు వేసుకోవచ్చు, ఆకలైతే గంజి వాసన కొట్టే కొత్తగుడ్డ ఎప్పుడూ ఉండనే ఉంటుంది.

కోహీరు నుంచి జామకాయల గంపతో బజారుకు వచ్చే ఒకాయన ప్యాంటు కుట్టించుకునేవాడు మా దగ్గర. ఒకసారి బల్ల కింద నుంచి ఎలుక ఉరికితే ఉలిక్కిపడి "నీ ముదనష్టం గాను" అన్నాడు. అమ్మ పరదా పక్కకు జరిపి బయటికి వచ్చింది. "అన్నా, నీ ప్యాంటు ఇంకా ఈడనే ఉన్నది. జర నోరు మంచిగ పెట్టుకో" అంది. పాపం ఆ మనిషి నిజంగానే భయపడ్డాడు. వెళ్ళేముందు గంపలోంచి బాగా పండిన జామకాయ ఒకటి తీసి, గోడ మూల బొక్క దగ్గర పెట్టి, దండం పెట్టాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. నాయిన మిషను మీద తల వాల్చి, భుజాలు ఊగేలా నవ్వాడు.

ప్రతి ఏడూ వానలు ముదిరి వాగు పొంగితే చెరుకు తోటల్లో నీళ్ళు నిలిచేవి. బొరియలు మునిగిన ఎలుకలన్నీ ఊరి మీద పడేవి. వాటిని ఇంట్లోకి రానివ్వకుండా ఉండటానికి వీధిలో తలా ఒక పద్ధతి. ఎదురింటివాళ్ళు పగిలిన సీసాల పెంకులు మట్టిలో కలిపి బొక్కల్లో దట్టించేవాళ్ళు. ఆ పక్కింటివాళ్ళు తుమ్మకంప తెచ్చి అడ్డం పెట్టేవాళ్ళు. మూలింటామె పిడకల నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేసి బొక్కకు పొగ పట్టేది. ఎలుకల సంగతి ఏమో గానీ, వీధి మొత్తం దగ్గుకుంటూ బయటికి వచ్చి ఆమెను తిట్టేది.

మా ఇంట్లో రెండు పద్ధతులు, ఒకదానికొకటి బొత్తిగా పడనివి. అమ్మ నీళ్ళు బయటికి పోయే మోరీ పక్కన జొన్నరొట్టె ముక్క పెట్టి, వంగి, చిన్న గొంతుతో చెప్పేది. "తిని పోండ్రి. ఇవన్నీ పరాయోల్ల గుడ్డలు. వీటి జోలికి రాకుండ్రి." నాయిన ఆ మాటలు విని "పానుపు గూడ ఏసియ్యి, పండుకుంటరు" అని వెక్కిరించేవాడు. వెక్కిరించినవాడు తాను చేసేదేమిటంటే, బల్ల కింద గోనెసంచిలో నుంచి గుప్పెడు కత్రన్ తీసి బొక్కలో కూరేవాడు. కత్తిరించగా మిగిలిన పీలికలను కత్రన్ అనేవాడు ఆయన. "సూది పట్టేంత సందు లేకుంట కుట్టేటోన్ని, గీ బొక్క మూసుడు నాకొక పనా?" అంటూ కట్టెపుల్లతో పొడిచి పొడిచి బిగించేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దర్జీ కదా, లోకంలో ఏ చిరుగు కనిపించినా గుడ్డతోనే మూయాలనిపించేది ఆయనకు. మెత్తటి పీలికలు ఎలుకకు అడ్డం కావని, అది వాటినే కోరి వెతుక్కుంటుందని తోచనే లేదు. నాలుగు రోజులకు బొక్క మళ్ళీ ఖాళీగా కనిపించేది. "చూసినవా, కత్రన్ లోపటికి దిగి గట్టిపడ్డది" అని సంతోషపడి ఇంకో గుప్పెడు కూరేవాడు. అమ్మ పానుపు వేస్తోందని వెక్కిరిస్తూ అసలు పానుపు తానే వేస్తున్నాడు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, డెబ్భైల నడుమ, ఒక ఏడు రంజాను, దసరా వారం తేడాతో వచ్చాయి. దర్జీ ఇంట్లో దీని అర్థం వేరే. రెండు పండుగల గుడ్డలూ ఒకేసారి వచ్చి పడ్డాయి. నాయిన మిషను మీద నుంచి లేచేవాడే కాదు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన కాలు కింద ఆడుతూనే ఉండేది. మా ఇంటి గుడ్డల మాట ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. దర్జీ బిడ్డకు పండుగ అందరికన్నా ఆఖరున వచ్చేది. నా లంగాల లోపలి అస్తరు ఎప్పుడూ నాలుగు రంగుల అతుకులే.

ఆ ఏడు వచ్చిన గుడ్డలన్నిటిలోకి ఒకటి మాత్రం వేరు. అది నా దోస్తుది. పక్కిల్లే వాళ్ళది. వాళ్ళమ్మను నేను ఖాలా అనేదాన్ని, నా దోస్తు మా నాయినను మామూ అనేది. వాళ్ళ అబ్బా, అంటే దాని నాయిన, అంతకు ముందటేడు గల్ఫుకు వెళ్ళాడు. ఆయన ఉన్నది మస్కట్టో దుబాయో మా వీధికి పట్టలేదు, అందరం దుబాయే అన్నాం. అక్కడి నుంచి బొంబాయిలో ఓడ దిగి వస్తున్న మనిషి చేత ఆయన మొదటిసారిగా ఒక డబ్బా పంపాడు. ఖర్జూరాలు, సబ్బులు, ఖాలాకు ఒక దుప్పట్టా. వాటి కింద, బిడ్డ రంజాను ఫ్రాకుకని ఆకాశం రంగు గుడ్డ.

అలాంటి గుడ్డ జహీరాబాదు బజారులో అంతకు ముందు ఎవరూ చూడలేదు. మీద సన్నటి వెండి చుక్కలు. బల్ల మీద పరిస్తే తనంతట తానే జారి కింద పడేది. ఖర్జూరాల డబ్బాలో వచ్చింది కాబట్టి తియ్యటి వాసన కూడా వచ్చేది. నాయిన దాన్ని కత్తిరించే ముందు చేతులు రెండుసార్లు కడుక్కోవడం నేను చూశాను.

నా దోస్తుకు ఫ్రాకు మీద ఎంత ఆశో, ఆ ఫ్రాకు వేసుకుని దిగబోయే ఫోటో మీద అంతకు మించిన ఆశ. ఈద్ నాడు బజారులో ఫోటో స్టూడియోకు వెళ్ళి, ఫోటో తీయించుకుని, అబ్బాకు పంపాలి. ఆయన పంపిన గుడ్డ ఆయన బిడ్డ ఒంటి మీద ఎలా ఉందో ఆయన చూడాలి. అంతే. రోజూ బడి నుంచి రాగానే సంచీ కూడా దింపకుండా మా గడపలో నిలబడేది.

"మామూ, అయ్యిందా?"

"అయితది బిడ్డా. ఫికర్ చేయకు."

"ఫోటోల నీలం రంగు రాదంట గదా. మా అబ్బాకు ఎట్ల తెలుస్తది?"

"కొన్నోడు ఆయననే గదా! రంగు ఆయనకు యాదికుంటది."

ఆ జవాబు దానికి ఎంతో నచ్చింది. తరువాత ఇంకొకటి అడిగింది. మిగిలిన ముక్కలు తన బొమ్మకు కావాలంది. "నీయే, నీ గుడ్డనే గదా. ఫ్రాకుతోని కలిపి ఇస్త" అన్నాడు నాయిన. అరచేతంత ముక్క ఒకటి, చిన్నవి ఇంకొన్ని మిగిలితే, బల్ల చివర విడిగా పెట్టాడు. ఫ్రాకు అంచున జానెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. పిల్ల పెరిగేకొద్దీ విప్పుకుంటూ పోతే ఇంకో రెండు రంజాన్లకు వస్తుందని ఖాలాకు చెప్పాడు. ఆమె ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను.

ఫ్రాకు పూర్తయింది. గుండీలు ఒక్కటే మిగిలాయి. అప్పుడు పట్టింది ముసురు.

మొదట సన్నగా, తరువాత ఆగకుండా. వాగు పొంగిందన్నారు, చెరుకు తోటలు మునిగాయన్నారు. తరువాత ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా నీళ్ళు మా వీధిలోకే వచ్చాయి. గడప దాటి లోపలికి వచ్చినప్పుడు ఎర్రగా, చల్లగా ఉన్నాయి. చీలమండలు మునిగాయి. నాయిన మిషనును ఇటుకల మీదికి ఎక్కించాడు. అమ్మా నేనూ గుడ్డల మూటలు అందిస్తుంటే ఆయన బల్ల మీద నిలబడి దూలానికి తాళ్ళతో వేలాడగట్టాడు. తల ఎత్తితే మా ఇంటి కప్పు కింద ఊరి పండుగంతా మూటలు కట్టి ఊగుతూ ఉండేది. అన్నిటికన్నా పైన, ఒక తెల్లటి దస్తీగుడ్డలో, నా దోస్తు ఫ్రాకు.

నీళ్ళు తీశాక చుట్టాలు వచ్చారు. అంతమందిని అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. మోరీలోంచి, తలుపు కింద నుంచి, పట్టపగలే వచ్చేవి. తడిసిపోయి, సగం బక్కచిక్కి ఉండేవి. చూస్తే భయమూ వేసేది, జాలీ వేసేది. వీధి మొత్తం నోరు పెట్టుకుని వాటిని తిట్టింది. మా అమ్మ మాత్రం చెవులు మూసుకుని, రొట్టె ముక్కలు కాస్త పెద్దవి చేసి పెట్టింది. నాయిన కంగారుగా బొక్కలు మూశాడు. గోనెసంచి తడిసి ముద్దయింది కాబట్టి పొడిగా ఉన్న పీలికల కోసం బల్ల తడిమి, చేతికి దొరికింది దొరికినట్టు కూరాడు. బల్ల చివర విడిగా పెట్టిన ముక్కలు కూడా ఆ హడావుడిలో అందులోనే పోయాయి. ఆ సంగతి అప్పుడు ఆయన చూసుకోలేదు.

ఈద్ ఇంకా నాలుగైదు రోజులుందనగా ఎండ వచ్చింది. నాయిన గుండీలు కుట్టడానికి దస్తీ మూట దింపి విప్పాడు. విప్పినవాడు అలాగే కూర్చుండిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. ముందువైపు, నడుముకు కొంచెం కింద, కుడిపక్కన రూపాయి బిళ్ళంత రంధ్రం. అంచులు పళ్ళతో నమిలినట్టు పోగులు పోగులుగా ఉన్నాయి. అన్ని మూటలుండగా, దూలం మీద నడిచి తాడు మీదుగా దిగి, అది ఒక్కదాన్నే ఎంచుకుంది. ఖర్జూరం వాసన పట్టిందని నాయిన తరువాత అనేవాడు. వీధివాళ్ళ తిట్లకు పగబట్టిందని అమ్మ అనేది.

ఆ రోజు మాత్రం నాయిన ఏ లెక్కలూ వేయలేదు. పెద్దగొంతుతో తిట్టాడు. ఎలుకను ఎలుక అనే, దాని తల్లినీ తాతనూ కలిపి. మా ఇంట్లో ఆ మాటలు వినబడటం అదే మొదటిసారి. అమ్మ పరదా పట్టుకుని నిలబడింది గానీ ఆపలేదు. తిట్లు అయిపోయాక ఆయన గొంతు తగ్గిపోయింది. "ఆ పోరి రోజొచ్చి అడుగుతది. ఏం జెప్పాలె?" అన్నాడు. నాయిన కళ్ళలో నీళ్ళు చూసి నేను ఏడ్చేశాను.

కాసేపటికి ఆయనకు బల్ల చివరి ముక్కలు గుర్తొచ్చాయి. అరచేతంత ముక్క ఉంటే చాలు, రంధ్రం మీద వేసి ఏదో ఒకటి చేయగలడు. బల్ల మీద లేవు. సంచిలో లేవు. అప్పుడు గోడ వైపు చూశాడు. మూల బొక్కలో చెయ్యి పెట్టాడు, ఖాళీ. మోచేయి దాకా పెట్టాడు. తరువాత గునపం తెచ్చాడు.

వానకు నానిన గోడ. మట్టి ఊరికే రాలిపోయింది. ఒక రాయి ఊడింది, దాని వెనక ఇంకొకటి. ఆ వెనక గోడ లోపల చిన్న గది లాంటి గుల్ల. దాని నిండా పీలికలు. ఎన్ని రంగులో! పైన ఎర్రగా, వెంట్రుక కూడా లేని పిల్లలు, నా బొటనవేలంతవి, ఒకదాని మీద ఒకటి పడి కదులుతున్నాయి. తల్లి లేదు. నాయిన చెయ్యి లోపలికి పోతుండగా అమ్మ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"పురిటిల్లు. చెయ్యి పెట్టకు."

"దాని పురుడు నా పాణం మీదికొచ్చింది. ఇడువు."

"ఇడువ. ఆ పరుపు ఎవరేసిన్రు? నువ్వే గదా ఏసింది, ఏటేటా! నీ చేతుల్తోని పరిచి ఇప్పుడు బాలింత కింద నుంచి గుంజుతవా?"

నాయిన ఆ గూడు వైపు చూశాడు. అన్నేళ్ళుగా గట్టిపడిందనుకున్న కత్రన్ అంతా మెత్తగా, చీలికలు చీలికలుగా, గుండ్రంగా పరిచి ఉంది. ఆయన తన బల్ల మీద కూడా గుడ్డను అంత శ్రద్ధగా పరిచేవాడు కాదేమో. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాళ్ళు రెండూ ఎక్కడివక్కడ పెట్టి, తడి మట్టి మెత్తాడు. మా అమ్మ మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎలుక పిల్లల కోసం నా దోస్తు ఫ్రాకును వదిలేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. జొన్నరొట్టె మాత్రం తిన్నాను.

నాయిన చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళాను. ఫ్రాకును ఖాలా ముందు పరిచి, రంధ్రాన్ని వేలితో చూపించాడు. "బహెన్, తప్పు నాదే. నువ్వేమన్నా పడ్త" అన్నాడు. ఖాలా వంగి ఆ రంధ్రాన్ని చూసింది. వేలు పెట్టి అంచులు సవరించింది. తిడుతుందేమో అనుకున్నాను గానీ, "వాటికి గూడ ఈద్ ఉంటది గదా భాయ్" అంది. తరువాత, "బిడ్డకు మాత్రం నేను చెప్ప, నా తోని గాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాయిన ఇంటికి వచ్చి, ఫ్రాకును తిరగేసి, అంచు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ జానెడు మడతలో గుడ్డ ఉంది. కానీ అది కోస్తే ఫ్రాకు ఇక పెరగదు. మూడు రంజాన్లకు రావలసింది ఈ ఒక్క రంజానుకే సరి. కత్తెర చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం చాలాసార్లు చేశాడు. చివరికి మడత విప్పి కోశాడు.

ఆ ముక్కతో రంధ్రం మీద ఒక జేబు కుట్టాడు. అంచుకు వెండిదారం, పైన చిన్న గుండీ. రెండో పక్కకు కూడా కుడదామంటే అంచులో అంత గుడ్డ రాలేదు. ఒక్క జేబే. ఆ రోజుల్లో ఆడపిల్లల ఫ్రాకులకు జేబులెక్కడివి! బడిలో బలపాలు కూడా పిడికిట్లో పట్టుకునే తిరిగేవాళ్ళం.

నా దోస్తు సాయంత్రం వచ్చి గడపలో నిలబడింది. నాయిన ఫ్రాకు ఎత్తి చూపించి, జరిగిందంతా చెప్పేశాడు. బొమ్మకిస్తానన్న ముక్క గోడలో పోయిందని కూడా చెప్పాడు. ఆమె వింటున్నట్టే లేదు. కళ్ళన్నీ జేబు మీదే ఉన్నాయి. గుండీ తీసి చెయ్యి లోపలికి పెట్టింది. "నాకే! మామూ, నా ఒక్కదానికే జేబు!" అని ఫ్రాకు పట్టుకుని వాళ్ళింటికి ఉరికింది. బొమ్మ ముక్క మాట మాత్రం రెండో రోజు గుర్తొచ్చినట్టుంది, వచ్చి గోడను కాసేపు కోపంగా చూసి వెళ్ళింది.

ఈద్ నాడు మాకు షీర్‌ఖుర్మా తెచ్చినప్పుడు ఆ జేబు నిండా ఖర్జూరాలే. ఫోటో స్టూడియోకు నేనూ వెళ్ళాను. ఫోటో తీసే ఆయన చేతులు కిందికి పెట్టమంటే నా దోస్తు వినలేదు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఠాణాలో పోలీసు అమీన్‌సాబులా నిలబడింది. ఒక్కటే కాపీ తీయించారు, అది అబ్బాకు పంపేశారు. ఆ దసరాకు మా వీధి ఆడపిల్లలందరూ జేబులు కావాలని ఏడిస్తే నాయిన విసుక్కుంటూనే కుట్టాడు. నాకు కూడా ఒకటి కుట్టాడు, అదీ అస్తరు ముక్కతో.

కొన్ని నెలలకు అటు నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. ఆ ఫోటోను నా దోస్తు అబ్బా ఎప్పుడూ కమీజు జేబులోనే పెట్టుకుంటాడట, పనిలో కూడా అక్కడే ఉంటుందట. ఆడపిల్ల ఫ్రాకుకు జేబు పెట్టే దర్జీ మా వీధిలో ఉన్నాడని అందరికీ చూపిస్తాడట. నాయిన ఆ రోజు మిషను తొక్కిన తీరు నాకింకా గుర్తు. ఆ చప్పుడే వేరు.

మరుసటి రంజానుకు ఫ్రాకు మోకాళ్ళ పైకి వచ్చింది. బీదరులో ఉన్న వాళ్ళ చిన్నాన్న బిడ్డకు ఇచ్చేశారు. అక్కడి నుంచి ఇంకెవరికో వెళ్ళింది, ఎక్కడ మసిగుడ్డ అయిందో తెలియదు. వాళ్ళ అబ్బా సెలవు మీద ఒకసారి వచ్చి వెళ్ళాడు. ఎనభైల మొదట్లో అక్కడే, పనిలోనే, గుండె ఆగి పోయాడు. అక్కడే మట్టి చేశారు. ఆయన పెట్టె వచ్చింది గానీ అందులో ఫోటో లేదు. జేబులోనే ఉండి ఉంటుందని ఖాలా అనేది. నా దోస్తు దగ్గర ఇంక ఏమీ మిగల్లేదు, గుడ్డా లేదు, ఫోటో లేదు. ఒక్కోసారి, "ఆ నీలం ఎట్లుండె? నీకు యాదికున్నదా?" అని నన్ను అడిగేది. ఆకాశం రంగు అని చెప్పేదాన్ని. నాకు కూడా సరిగ్గా గుర్తు లేదని చెప్పడానికి నోరు రాలేదు.

ఎనభైలు ముగియవస్తుండగా మళ్ళీ అలాంటి ముసురే ఒకటి పట్టింది. నేను అప్పటికి టీచరునై మొగుడంపల్లి బడికి బస్సులో వెళ్ళొస్తున్నాను. నాయినకు చూపు తగ్గి, బజారులో రెడీమేడ్ దుకాణాలు వచ్చి, మిషను చాలావరకు ఊరికే ఉండేది. మూలగోడ ఉబ్బింది. మూలన అప్పుడు మెత్తిన మట్టి ఎప్పుడూ సరిగ్గా పట్టనే లేదు. పడేలోపు మనమే తీసేద్దామని మేస్త్రీని పిలిచి రాళ్ళు ఊడబీకించాం.

గోడ లోపల మా ఊరు ఉంది. గూడు కింద గూడు, ఎన్ని తరాల ఎలుకలవో! ఖాళీ గూళ్ళన్నీ బయటపడ్డాయి. అమ్మా నాయినా ఆ మట్టిలో కూర్చుని పీలికలు ఏరుతూ మురిసిపోయారు. "గిది కోహీరు జామకాయలాయన ప్యాంటు!" "గిది మూలింటామె బిడ్డ పెండ్లి జాకెట్టు, చూడు, మఖ్మల్." నాయిన అద్దాలు తుడుచుకుంటూ, వేళ్ళతో తడిమి గుర్తుపట్టి చెబుతున్నాడు. కళ్ళకు ఆనకపోయినా గుడ్డ ఆయన వేళ్ళకు తెలుసు. ఒకచోట ఆ వేళ్ళు ఆగిపోయాయి. జారిపోయేంత నున్నటి ముక్క. నా వైపు చాచి, "ఏం రంగు బిడ్డా?" అని అడిగాడు.

నీలం. వెండి చుక్కలు కూడా ఉన్నాయి. ఒక అంచున పళ్ళ గాట్లున్నాయి, ఒక మూల కాస్త చిరిగింది, మిగతాదంతా అలాగే ఉంది. ఎండ తగలలేదు, ఉతుకు పడలేదు. ఆ రంగును నేను ఎంత తప్పుగా గుర్తు పెట్టుకున్నానో అప్పుడు తెలిసింది. ఇది వాన వెలిశాక ఆకాశం.

నా దోస్తు అప్పుడు చంటిబిడ్డతో పుట్టింట్లోనే ఉంది. పిలిస్తే, బిడ్డను చంకనేసుకుని, అప్పట్లో నిలబడినట్టే గడపలో వచ్చి నిలబడింది. నాయిన ఆ ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. ఎలుకల కంపు కొట్టే ఆ ముక్కను ముఖానికి ఆనించుకుంది. ఖర్జూరం వాసన కోసమో, ఏమో.

"బొమ్మకని అడిగిన గదా మామూ. ఇన్నేండ్లకా ఇచ్చేది?"

నవ్వుతూనే అంది గానీ మాట పూర్తయ్యేసరికి ఏడుపు వచ్చేసింది. నాకూ ఆగలేదు. బిడ్డ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి తాను కూడా అందుకుంది. ఈ పాప గౌనుకు జేబు కుట్టివ్వనా అని నాయిన అడిగాడు. "వద్దు మామూ. దీనికి కత్తెర పెట్టకు" అని, మడతపెట్టి రవికలో దాచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ రొట్టెలు చేస్తుంటే నాయిన కంచం ముందు కూర్చున్నాడు. మొదటి రొట్టెలోంచి పెద్ద ముక్క తుంచి పట్టుకుని లేచాడు. గోడ తడుముకుంటూ వెళ్ళి, కూలిన రాళ్ళ పక్కన వంగి పెట్టాడు. ఆయన అక్కడ ఏదో చిన్న గొంతుతో చెబుతున్నాడు, మాకు వినబడలేదు. జీవితమంతా వెక్కిరించిన మనిషి కదా, అమ్మ ఇప్పుడు ఒక మాట అనొచ్చు. ఆమె పొయ్యి వైపే చూస్తూ ఇంకో రొట్టె పెనం మీద వేసింది.